పెద్దావిడ దాచింది

సంరక్షణ కేంద్రం, నీ క్వార్టరు
నవంబరు 3

చెల్లికి,

ఈరోజు పనులు: గదులు రెండూ ఊడ్చి తుడిచాను. కిటికీ అద్దాలు నాలుగు. నీళ్ల బకెట్లు ఆరు. వాకిట్లో మెట్లు కడిగాను. నీ అలమర పై అరలో దుమ్ము దులిపాను, దాని గురించి తర్వాత విడిగా మాట్లాడుకుందాం. మాంసం గిన్నె రెండుసార్లు కడిగాను. పెట్టిన మాంసం పెట్టినట్టే ఉండిపోయింది కాబట్టి రెండుసార్లు. పెద్దావిడ ఈరోజూ ముట్టలేదు.

మన ఇంట్లో పెద్దావిడంటే ఒకప్పుడు మా అత్తగారు. ఆవిడ అలిగినా మూడో పూటకి కంచం దగ్గరికి వచ్చేది. ఈవిడకి ఇది పదమూడో రోజు. నీకు కాలు విరిగి మా ఇంటికి వచ్చి పడుకున్నప్పటి నుంచి నీళ్లు తాగడం, ఒకటి రెండు ముక్కలు నోట పెట్టుకుని వదిలెయ్యడం, అంతేనట. వేసవిలో తోడు పోయింది, ఇప్పుడు నువ్వు కనబడడం లేదు. డాక్టరమ్మ నాతో, "మీ ఇద్దరి గొంతూ ఒకటేనని మీ చెల్లెలు చెప్పింది. మాకు మిగిలిన ఆశ అదొక్కటే" అంది. మేనేజరుగారైతే తారీఖే చెప్పేశారు. "పదిహేను దాకా చూద్దాం. ఆ తర్వాత అలా మాడబెట్టడం కన్నా ఇంజక్షనిచ్చి నిద్రపుచ్చడం నయం." అంటే నా చేతిలో పన్నెండు రోజులున్నాయి.

నేను తోడేలంటే కుక్కలాంటిదే, కాస్త పెద్దదనుకుని వచ్చాను. కాదు. తల భుజాలకన్నా కిందికి పెట్టి నడుస్తుంది. కాళ్లు పొడుగు, ఛాతీ సన్నం. కంచె అవతల నిలబడి ఒక్కసారి నా మొహంలోకి చూసింది, తేనెరంగు కళ్లు. కోపం లేదు, భయం లేదు. చాలాసేపు ఆలోచిస్తే తెలిసింది, ఆ చూపులో అడగడం లేదు. నలభై తొమ్మిదేళ్లలో నావైపు చూసినవాళ్లందరూ ఏదో ఒకటి అడుగుతూనే చూశారు, అన్నమో, చొక్కానో, తాళంచెవో. ఏమీ అడగని చూపు ఎలా ఉంటుందో నాకు నిన్ననే తెలిసింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

నువ్వు చెప్పినట్టే నీ కోటు వేసుకున్నాను. ఎంత మురికి పట్టించావే! రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి మరీ వేసుకున్నాను.

ఇక్కడ ఫోను ఒక్కటే, అదీ మేనేజరుగారి బల్ల మీద. మనం మాట్లాడుకుంటే ఆఫీసంతా పని మానేసి వింటుంది. సెల్లుకి ఈ గుట్ట వెనక సిగ్నలు అందదు. మాంసం వ్యాను సోమవారం, గురువారం వస్తుంది, ఉత్తరాలూ దాంట్లోనే. మీ బావకి వేళకి మాత్రలు గుర్తు చెయ్యి.

అక్కయ్య


మీ ఇల్లు, ముందు గది, కిటికీ పక్క మంచం
నవంబరు 6

అక్కయ్యా,

కోటు ఉతికావా! అమ్మో, అక్కయ్యా! ఆ కోటు వేసుకోమన్నది నా వాసన కోసం. ఎనిమిదేళ్ల వాసన, ఒక్క మధ్యాహ్నంలో తుడిచిపెట్టేశావు. మీ అమ్మాయికి చదివి వినిపిస్తే నవ్వి నవ్వి నా కట్టు మీద పడింది, నాకు చుక్కలు కనిపించాయి. బావ మాత్రం నవ్వలేదు. "ఇస్త్రీ కూడా చేసిందా? అయితే కుదురుకుందన్నమాట" అన్నారు.

ఇక్కడ నీ చీటీలతో చచ్చిపోతున్నాం. ప్రతి డబ్బా మీదా చీటీ, ప్రతి స్విచ్చు మీదా చీటీ. ఉప్పు డబ్బా మీద నువ్వు "ఉప్పు" అని రాశావు కదా, దానికింద బావ "నిజంగా ఉప్పే" అని రాశారు. మాత్రలు వేసుకుంటున్నారు, వేసుకున్నట్టు నీ పట్టీలో టిక్కు పెడుతున్నారు, టిక్కులు నాకు చూపిస్తున్నారు. మొగుణ్ణి భలే పెంచావు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు బయల్దేరేటప్పుడు చెప్పినవే మళ్లీ చెబుతున్నాను. ఎదురుగా నిలబడకు, పక్కకి తిరిగి కూర్చో. కళ్లలోకి చూడకు. ఆవిడ చూస్తే చూడనీ. కొత్త వస్తువేదీ కంచె దగ్గర పెట్టకు, బకెట్టు మారినా రెండు రోజులు దగ్గరికి రాదు. "రావే తల్లీ, రా, రా" అని పిలువు, రెండో "రా" కొంచెం సాగదియ్యి. కళ్లు తెరవని పిల్లప్పుడు నా ఒళ్లో పాలు తాగింది, అక్కయ్యా. పన్నెండేళ్లు. ఆవిడకి ఇంజక్షనిస్తే నాకు కాలు అతుక్కున్నా లాభం లేదు.

ఇంకొక మాట. కంచె బయటే ఉండు. ఏం జరిగినా లోపలి గేటు తియ్యకు. మూలనున్న రాళ్ల దగ్గరికి అసలే వెళ్లకు. ఎందుకని అడక్కు, ఊరికే చెబుతున్నాను.

నీ చెల్లి


సంరక్షణ కేంద్రం
నవంబరు 12

చెల్లికి,

పనులు రాయడం లేదు. అంతకన్నా ముఖ్యమైంది ఉంది. తింది.

వరసగా చెబుతాను. మొదటి రోజు, నాలుగో తారీఖున, నీ ఉత్తరం అందకముందే, నేను బయల్దేరేటప్పుడు నువ్వు నేర్పినట్టే పిలిచాను, రెండో "రా" సాగదీశాను. గొంతు వినగానే గూట్లోంచి దూకి బయటికి వచ్చింది. పరుగు కాదు, అదొక రకం నడక, నీళ్లు పల్లానికి పోతున్నట్టు. సగం దూరం వచ్చాక గాలి తిరిగింది. ఆగిపోయింది. ముక్కు ఎత్తి, దించి, నావైపు చూసి వెనక్కి తిరిగింది. రెండో రోజూ అంతే. మూడో రోజు పిలిస్తే తల కూడా ఎత్తలేదు. నా మోసం రెండుసార్లే పనిచేసింది. మన అమ్మ కూడా ఫోన్లో మన గొంతుల్ని పోల్చుకోలేక చచ్చేదాకా పొరబడుతూనే ఉండేది. ఈవిడ రెండుసార్లు.

ఎంత సిగ్గేసిందనుకున్నావు. కంచెలు బాగుచేసే ముసలాయన, మీ కంచె మామ, వెనకాల తీగ బిగిస్తూ చూస్తున్నాడు. "అమ్మా, ఆవిడ ముందు వేషాలు సాగవు. నేను ఒకసారి టోపీ మార్చుకుని వస్తే వారం రోజులు నన్ను దొంగలా చూసింది" అన్నాడు.

నీ కోటు తీసి మడతపెట్టేశాను. నా పాత స్వెట్టరు వేసుకుని, స్టూలు మీద పక్కకి తిరిగి కూర్చుని, నా పని నేను చేసుకోవడం మొదలుపెట్టాను. ఆ రోజు చెయ్యాల్సినవి చదువుకుంటూ టిక్కు పెట్టుకునే అలవాటు ఉంది కదా నాకు, అది పైకే చదివాను. నీళ్లు ఆరు బకెట్లు, అయింది. దుప్పటి ఎండెయ్యాలి, అయింది. గుండీలు రెండు కుట్టాలి. మూడు రోజులు అలాగే. పదో తారీఖు పొద్దున గుండీ కుడుతూ దారం తెంపుకోవడానికి తల వంచాను. తల ఎత్తేసరికి కంచె అవతల నాలుగడుగుల దూరంలో ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. ఎండుటాకులు పరిచినట్టున్నాయి, ఒక్కటీ చప్పుడు కాలేదు. ఊపిరి పీల్చుకుంటే పక్కటెముకలు కదలడం కనిపిస్తోంది. నాది నేను పీల్చుకోవడం మర్చిపోయాను.

కంచెకున్న చిన్న మేత కిటికీలోంచి రెండు ముక్కలు తోశాను. ఒకటి నోట కరుచుకుని రాళ్ల మూలకి తీసుకెళ్లింది. ముందుకాళ్లతో గుంట తవ్వి, ముక్క పెట్టి, ముక్కుతో మట్టి తోసి కప్పి, పైన ముక్కుతోనే నొక్కింది. నేను డబ్బా మూత బిగించాక మళ్లీ ఒకసారి నొక్కి చూసుకుంటానే, సరిగ్గా అలాగే. ఆ తర్వాత వచ్చి రెండోది నిలబడే తింది. ఇరవై రోజుల ఆకలి ఉన్న ప్రాణం, ముందు దాచి, తర్వాత తింది! డాక్టరమ్మకి చెబితే కళ్లజోడు తీసి తుడుచుకుంది. మేనేజరుగారు పదిహేనో తారీఖు మాట ఎత్తడం మానేశారు.

నీ రిజిస్టరులో రెండే గడులున్నాయి, పెట్టింది, మిగిలింది. నేను మూడోది గీశాను: దాచింది. లేకపోతే లెక్క తప్పుతోంది.

ఒక సందేహం. నువ్వు మెట్ల మీద జారిపడ్డావన్నావు. కడుగుతూ చూశాను, మెట్లు రెండే. జానెడు ఎత్తు కూడా లేవు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉంది. తొడ ఎముక విరిగేంత ఎలా పడ్డావే?

అక్కయ్య


మీ ఇల్లు
నవంబరు 16

అక్కయ్యా,

నీ ఉత్తరం ముగ్గురం మూడుసార్లు చదువుకున్నాం. నేను ఏడ్చాను, మీ అమ్మాయి ఏడ్చింది, బావ వంటింట్లోకి వెళ్లి ఏదో మాడ్చుకొచ్చారు. పేరు పెట్టలేం, నల్లగా ఉంది. పొగకి పక్కింటివాళ్లు తలుపు కొట్టారు. "మా ఆవిడ ఊళ్లో లేదండీ" అని సంజాయిషీ. "అది తెలుస్తూనే ఉంది" అన్నాడు పక్కింటాయన.

కాలు బాగానే ఉంది. ఇంకో ఆరు వారాలు కట్టు. డాక్టరు ఎక్స్‌రే చూసి తల అటూ ఇటూ ఆడించాడు.

మూడో గడి గియ్యడం చాలా బాగుంది. నాకెప్పుడూ తట్టలేదు.

ఉంటాను.

నీ చెల్లి


సంరక్షణ కేంద్రం
నవంబరు 28

చెల్లికి,

నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. గమనించాను. పోనీలే.

పెద్దావిడ రోజూ తింటోంది. పోయిన నాలుగు కిలోల్లో రెండున్నర తిరిగి వచ్చిందని డాక్టరమ్మ అంచనా. ఈ మధ్య నేను చూసినవి రాస్తాను, నీకు కొత్త కావు కానీ నాకు ఎవరితోనైనా చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

పొద్దున మంచుకి తడిసిన మట్టిలో ఆవిడ నడిచిన దారి చూశాను. వెనక పాదం సరిగ్గా ముందు పాదం పడ్డ గుర్తులోనే పడుతుంది. కంచె వెంబడే నలభై అడుగుల పొడవునా నడుస్తూ చూశాను, ఒక్కచోట తేడా లేదు. నాలుగు కాళ్ల జంతువు, రెండు కాళ్ల గుర్తులు. ఒక్క అడుగూ దండగ చెయ్యదు. పొదుపంటే నాకు తెలుసునని ఇన్నాళ్లూ అనుకున్నాను.

నేను చెయ్యి తుడుచుకునే గుడ్డ గాలికి ఎగిరి కంచె లోపల పడింది. ముందు రెండు రోజులు దూరం నుంచే చూసింది. మూడో రోజు వెళ్లి మెడ ఆనించి, భుజం ఆనించి, మొత్తం ఒళ్లు వేసి దొర్లింది. కంచె మామ, "మీ వాసన ఒంటికి పూసుకుంటోందమ్మా" అన్నాడు. మా పెళ్లయి ఇరవై ఆరేళ్లు. నా వాసన ఎవరికైనా కావాలనిపించిందని నాకెవరూ చెప్పలేదు. ఈ ముక్క మీ బావకి చదివి వినిపించకు.

మొన్న మధ్యాహ్నం దూరంగా రోడ్డు మీద ఫైరింజను పోయింది. ఆవిడ లేచి, తల వెనక్కి వాల్చి గొంతెత్తింది. మొదలు సన్నగా, తర్వాత పైకి, అక్కడి నుంచి జారుతూ విరుగుతూ. ఒక్క గొంతులో ముగ్గురున్నట్టు. నా చేతిలో కుట్టు ఆగిపోయింది. చెవులతో కాదు, పక్కటెముకలతో విన్నాను. ఆఫీసులో టైపు చప్పుడు ఆగింది, తీగ బిగించే సుత్తి ఆగింది. ఫైరింజను వెళ్లిపోయాక కూడా ఆవిడ చెవులు రిక్కించి నిలబడే ఉంది, ఎవరో తిరిగి పలుకుతారని. ఎవరూ పలకలేదు. నాకు పలకాలనిపించింది, సిగ్గు అడ్డమొచ్చింది.

రిజిస్టరులో ఒక వింత. రాళ్ల మూలలో గుంటలు రెండు. ఎడమ గుంటలో దాచింది మర్నాడో మూడోనాడో తీసి తింటుంది. కుడి గుంటలోది తియ్యదు. నేను వచ్చాక అందులో ఆరుసార్లు పెట్టింది, ఒక్కసారీ తియ్యలేదు. ఎందుకో నీకు తెలుసా?

ఆ కుడి గుంటే ఇప్పుడు వాసన కొడుతోంది. తనిఖీ వాళ్లు వస్తున్నారట, మూల శుభ్రం చెయ్యాలన్నారు మేనేజరుగారు. రాళ్ల వైపుకీ బయటి దొడ్డికీ మధ్యనున్న జారుడు తలుపు కప్పీ తుప్పుపట్టి దిగడం లేదు. "ఏం పర్వాలేదండీ, మీ చెల్లెలు ఏళ్ల తరబడి తలుపు వెయ్యకుండానే వెళ్లొచ్చేది. ఆవిడ బయటి దొడ్డిలో ఉన్నప్పుడు మీరు ఇలా వెళ్లి అలా తవ్వి వచ్చెయ్యండి. మీకు బాగా మాలిమి అయింది కదా" అన్నారు. వెళ్లొద్దని నువ్వు రాశావు, నిజమే. కానీ అప్పుడు నేను కొత్త. గురువారం పొద్దున వెళతానని ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆవిడ నడిచే నేల మీద ఒక్కసారి నడవాలని ఉంది.

అక్కయ్య


మీ ఇల్లు
డిసెంబరు 2

అక్కయ్యా,

పొద్దున ఫోను చేసి "రేపు నీకు నడుం నొప్పి, మర్చిపోకు" అంటే, అవతల ఆఫీసంతా వింటుండగా నువ్వు క్షణం ఆగి, "అవును, పట్టేసింది" అన్నావు. జన్మలో మొదటిసారి అబద్ధమాడావు. ఎందుకాడించానో ఇప్పుడు రాస్తున్నాను.

మెట్లు కాదు. ఆవిడే.

కుడి గుంట ఉన్న చోటు గుంట కాదు అక్కయ్యా, అది ఆయన పడక. ఆవిడ తోడు. తొమ్మిదేళ్లు ఆ రాళ్ల పక్కన అక్కడే ముడుచుకుని పడుకునేవాడు. చివర్లో పళ్లూడిపోయి నమల్లేకపోతే ఈవిడే ముక్క చీల్చి తెచ్చి పక్కన పెట్టేది. పోయాక అక్కడే పెట్టడం మొదలుపెట్టింది. నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని.

అక్టోబరులో మేనేజరుగారు వాసనంటే నేనే వెళ్లాను. తలుపు దించాలంటే ఇద్దరు లాగాలి. పెంచినదాన్ని నేను, నాకెందుకు తలుపు అనుకున్నాను. రెండో పార మట్టి తీస్తుండగా వెనక నుంచి వచ్చింది. చప్పుడుండదని నువ్వే రాశావు కదా. ఛాతీతో కొట్టింది, రాళ్ల మీద పడ్డాను, తొడ విరిగిన చప్పుడు నాకే వినిపించింది. ఆవిడ నా మీద నిలబడి పార పట్టుకున్న మణికట్టు నోట్లోకి తీసుకుంది. అంతే, పట్టుకుంది. నేను పార వదిలాను. ఆవిడ చెయ్యి వదిలింది. వెళ్లి ఆ పడక మీద అడ్డంగా పడుకుంది. మణికట్టు మీద గీత కూడా లేదు.

పాక్కుంటూ బయటికి వచ్చి గేటు వేసి, మెట్ల దాకా ఈడ్చుకుంటూ వెళ్లి అప్పుడు కేకలు పెట్టాను. మనిషిని పడగొట్టిన తోడేలుని ఎక్కడా ఉంచరు. ఇంజక్షనే. తప్పు నాదని ఎవరు చూస్తారు?

నిన్ను కంచె బయటే ఉండమన్నాను, అంతే చాలనుకున్నాను. చాలదని నాకు తెలుసు. రాయడానికి కూచున్న ప్రతిసారీ చెబుదామనే అనుకున్నాను, బావ మాడ్చినవాటి గురించి రాసి ముగించాను.

తిట్టు. కానీ వెళ్లకు.

చెల్లి


సంరక్షణ కేంద్రం
డిసెంబరు 3

చెల్లికి,

వ్యాను డ్రైవరుకి టీ ఇచ్చి కూర్చోబెట్టి ఇది రాస్తున్నాను. కాబట్టి క్లుప్తంగా.

నేను ముప్ఫై రోజులు ఆవిడకి నాలుగడుగుల దూరంలో కూర్చున్నాను. ఈ పొద్దున ఆ మూలకి వెళ్లేదాన్ని. నీ ఫోను ఒక్కరోజు ఆలస్యమై ఉంటే వెళ్లి కుడి గుంటలో పార దింపేదాన్ని. నాకు తెలియకుండా నా ప్రాణం తూకంలో పెట్టావు. అడిగి ఉంటే ఏమనేదాన్నో తెలియదు, బహుశా సరేననేదాన్ని. కానీ అడగలేదు. పదిహేనేళ్ల ఆడపిల్లవి కాదు నువ్వు, నలభై దాటాయి.

నేను పడుకుంటే పని ఆగిందనుకున్నావా? కంచె మామకి అప్పజెప్పారు, వచ్చే గురువారం. తలుపు బాగయ్యేదాకా ఎవరూ వెళ్లకూడదన్నాను. "ఏం పర్లేదమ్మా, నేనేమైనా కొత్తవాణ్ణా?" అని నవ్వాడు. "ఎందుకమ్మా అంత భయం?" అన్నాడు. జవాబు నా దగ్గరుంది, చెప్పడానికి లేదు. ఇలాంటి అవస్థ నాకు అలవాటు లేదు. అరవై దాటిన మనిషి, ఆయన ఎముక విరిగితే మళ్లీ అతుక్కోదు.

నేను చెప్పను. చెప్పాల్సింది నువ్వు. మేనేజరుగారికీ డాక్టరమ్మకీ, ఉన్నదున్నట్టు, సోమవారం వ్యానుకి అందేలా రాయి. నీ ఉద్యోగం పోవచ్చు. పెద్దావిణ్ణి తీసేస్తామనీ అనవచ్చు. అయినా రాయి. నువ్వు నాకు ఒక నిజం బాకీ పడ్డావు. నా చెవిలో వేస్తే తీరిపోయే బాకీ కాదు. ఎవరికి చెప్పాలో వాళ్లకి చెబితేనే నాకు ముట్టినట్టు.

ఒక్క సంగతి మాత్రం కోపంలో కూడా రాయకుండా ఉండలేను. నిన్న ఆవిడకి గొడ్డు తొడ ఎముక వేశాను. నేను సుత్తి పెట్టి కొట్టినా పగలనిది, పక్కపళ్ల మధ్య పెట్టి ఒక్కసారి మూసింది, ఎండుపుల్లలా విరిగింది. ఆ పళ్ల మధ్య నీ మణికట్టు ఉంది. గీత పడలేదు. కోపం, దుఃఖం, ఆ పడక మీద పార, అవన్నీ ఒక్కసారిగా లోపల లేచినప్పుడు కూడా ఎంత నొక్కాలో ఆవిడకి తెలిసింది. పొద్దున్నుంచీ నా కుడిచెయ్యి వైపు చూసుకుంటున్నాను. నాకైతే అంత అదుపు లేదు, ఈ ఉత్తరం చూస్తున్నావుగా.

డ్రైవరు హారను కొడుతున్నాడు.

అక్కయ్య


మీ ఇల్లు
డిసెంబరు 5

అక్కయ్యా,

రాశాను. మేనేజరుగారికొకటి, డాక్టరమ్మకొకటి, రెండూ ఒకటే. తలుపు దించకపోవడం, పార, మెట్ల దాకా పాకడం, నిన్నేమీ చెప్పకుండా పంపడం, అన్నీ. బావకి ముందు చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్లి నీ చీటీలున్న డబ్బాలన్నీ మళ్లీ వరసగా సర్దారు. నీ గురించేనని తెలుస్తూనే ఉంది. ఆఖరికి, "మీ అక్కయ్య నిన్ను క్షమిస్తే నేనూ క్షమిస్తాను. ఆవిడ కన్నా ముందు మాత్రం క్షమించను" అన్నారు. తర్వాత చెప్పులు వేసుకుని తనే తీసుకెళ్లి రిజిస్టర్డు పోస్టు చేసి రసీదు తెచ్చారు. నీ మొగుడే.

నా ఉద్యోగం సంగతి నాకు అక్కర్లేదు. ఆవిణ్ణి ఏం చేస్తామంటారో అది ఒక్కటి దాచకుండా రాయి. ఏదైనా సరే రాయి.

చెల్లి


సంరక్షణ కేంద్రం
డిసెంబరు 11

చెల్లికి,

ముందు అసలు మాట: ఉంది. ఉంటుంది. ఇప్పుడు కుర్చీలో సరిగ్గా కూర్చుని మిగతాది చదువు.

సోమవారం నీ ఉత్తరాలు వచ్చాయి. మేనేజరుగారు నన్ను పిలిపించారు. మొహం జేవురించింది. "మీకు తెలుసా?" అన్నారు. "మూడో తారీఖు నుంచి తెలుసు" అన్నాను. "తెలిసీ నోరు మెదపలేదా?" "సోమవారం దాకా గడువిచ్చానండీ. మీరు పెద్దావిడకి పన్నెండు రోజులిచ్చారు." "నియమం నియమమే. మనిషి మీద పడ్డదాన్ని ఉంచను. రేపు ఇంకెవరికైనా అయితే నేను చెప్పుకోవాలి" అన్నారు. తప్పు కాదు ఆ మాట. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్నేమో.

డాక్టరమ్మ నా రిజిస్టరు తెమ్మంది. అక్కడే కూర్చుని ముప్ఫై ఏడు రోజులూ చదివింది. ఎప్పుడు పెట్టాను, ఎంత తింది, ఏది ఎడమ గుంటలో, ఏది కుడి గుంటలో, కంచె దగ్గర ఎంతసేపు ఉంది, మెడ మీద రోమాలు ఎప్పుడు లేచాయి. రోమాలు లేచింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ ఎవరో ఒకరు రాళ్ల మూలకి దగ్గరగా కంచె వెంట నడిచినప్పుడే. మిగతా ముప్ఫై మూడు రోజుల్లో ఒక్కసారీ లేదు. నేను గడులు నింపుతున్నానంతే, అందులో ఇది ఉందని నాకే తెలియదు. డాక్టరమ్మ వేలు పెట్టి ఒక్కొక్కటీ మేనేజరుగారికి చూపించింది. "ఇది మనుషుల మీద పడే జంతువు కాదండీ. ఒక్క చోటు మీద చెయ్యి వెయ్యనివ్వని జంతువు. ఆ చోటేదో మనకి తెలుసు. తలుపు బాగుచేయించి దించి వెళ్లాల్సింది మనం." ఆయన రిజిస్టరు మూసి ఆమె చేతికిచ్చారు. "తలుపు లేకుండా ఎవడైనా లోపల అడుగు పెడితే మాత్రం ఆ రోజే నిర్ణయం మారుతుంది" అన్నారు. ఒప్పుకున్నాం.

నీ సంగతి: ఉద్యోగం ఉంది. లోపలికి వెళ్లే అనుమతి ఇక లేదు, ఎప్పటికీ. కంచె బయట నుంచి చూసుకోవచ్చు. నీకు బాధగా ఉంటుంది. ఉండాలి కూడా.

కప్పీ కంచె మామ ఒక్క రోజులో బాగుచేశాడు. విషయం తెలిశాక, "నా ఎముకలు కాపాడావమ్మా" అని నాకు దణ్ణం పెట్టబోయాడు. నేను లోపలికి పారిపోయాను.

నిన్న పొద్దున పెద్దావిణ్ణి బయటి దొడ్డిలోకి పంపి తలుపు దించాం. గొళ్లెం నేను మూడుసార్లు చూశాను. డాక్టరమ్మ, కంచె మామ, నేను రాళ్ల దగ్గరికి వెళ్లాం. అక్కడ నేల ఒంపు తిరిగి ఉంది, పెద్ద శరీరం ఏళ్ల తరబడి ముడుచుకుని పడుకుంటే పడిన ఒంపు. దాని మధ్య మట్టి మెత్తగా ఉంది. పార వద్దన్నాను, చేతులతో తీశాం. అడుగున పాతవి మట్టిలో కలిసిపోయాయి, పైన ఏడు ముక్కలు. ఏడూ ఒకదాని పక్కన ఒకటి, తల ఉండే వైపు. ఆకలితో ఒళ్లు చిక్కిపోయిన రోజుల్లో, నవంబరు పదిన, నా కళ్ల ముందు మొదట దాచిన ముక్క కూడా అందులోనే ఉంది. నేను కోసిన ఆకారం కాబట్టి గుర్తుపట్టాను. ముందు ఆయనకి పెట్టి, తర్వాత తను తిన్నది.

"ఇలా చేస్తాయని పుస్తకాల్లో ఉందా?" అని అడిగాను. డాక్టరమ్మ, "లేదు. చెయ్యవని కూడా లేదు" అంది.

కుళ్లినవి ఆరు తీసేశాం. ఏడోది తాజాగా ఉంది, అది అక్కడే పెట్టి కప్పేద్దామన్నాను. బయట నుంచి మేనేజరుగారు, "మళ్లీ వాసనొస్తుంది కదండీ" అన్నారు. "వారం వారం తలుపు దించి పాతవి తీసేస్తాం, ఒకటి మాత్రం ఉంచుతాం. బాధ్యత నాది" అన్నాను. ఆయన చెయ్యి ఊపి వెళ్లిపోయారు, సరేననే అర్థం.

తలుపు ఎత్తాక ఆవిడ తిన్నగా అక్కడికే వెళ్లింది. మేం ముగ్గురం కంచె బయట. మట్టి అంతా వాసన చూసింది, మా చేతులు పడ్డ ప్రతిచోటా ఆగుతూ. మెడ మీద రోమాలు లేచాయి. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. పెద్దావిడ మట్టి తవ్వి ముక్క బయటికి తీసింది, పట్టుకుని నిలబడింది, నేననుకుంటాను నిమిషం పైనే. ఒక్కొక్క రోమమే పడుకుంది. ముక్క మళ్లీ అక్కడే పెట్టి, ముక్కుతో మట్టి తోసి, నొక్కింది. రెండుసార్లు. ఆ తర్వాత నడుచుకుంటూ వచ్చి నా స్టూలుకి ఎదురుగా కూర్చుంది, ఎప్పటిలాగే, ఏమీ అడగకుండా. కృతజ్ఞత అనుకుని పొంగిపోకు. మేం ఆవిడ దాన్ని ఆవిడకి ఉంచాం, అంతే.

ఇంకొకటి. నీ కట్టు విప్పేదాకా ఉంటానని వచ్చాను. వసంతం దాకా ఉంటానని మేనేజరుగారితో చెప్పాను. చలి తగ్గాక ఆవిడ లోపలి బొచ్చు గుత్తులు గుత్తులుగా ఊడుతుందట, అది చూడాలి. ఒకసారైనా ఫైరింజను పోయినప్పుడు నేను తిరిగి పలకాలి. మీ బావకి నేనే రాస్తున్నాను, విడిగా. ఆయన కన్నా ముందు నీకు చెబుతున్నానంటే అర్థం చేసుకో.

నిన్న సాయంత్రం మేనేజరుగారి గదిలోకి వెళ్లి, రెండో తారీఖున నాకు నడుం నొప్పి లేదనీ, అది అబద్ధమనీ చెప్పేశాను. ఆయన నోరు తెరిచి నావైపు చూసి, "సరేనండీ" అన్నారు.

నా వైపు అబద్ధం ఒకటి, తీర్చాను. నీ వైపు నిజం ఒకటి, ఏడో తారీఖు సోమవారం పూర్తిగా ముట్టింది. మన మధ్య బాకీ చెల్లు.

అక్కయ్య